నీళ్లు మంచిగైనయ్, సాకు పోయింది

నల్లగొండ జిల్లా మునుగోడు దిక్కు పుట్టినోనికి పండ్ల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నోరు తెరిచి నవ్వితే చాలు, ఏ మండలమో ఎదుటోడు పోల్చుకునేవాడు. బోరు నీళ్లలో మోతాదు మించిన ఫ్లోరైడ్ నా ముందు పండ్ల మీద గీసిన గోధుమరంగు చారలు నాకు ఆధార్ కార్డు కన్నా ఎన్నో ఏండ్ల ముందు వచ్చిన గుర్తింపు కార్డు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నడుములు వంగిపోయిన మనుషుల ముందు పండ్ల సంగతి ఎత్తడమే సిగ్గు, అది వేరే మాట. కానీ గార పండ్లతో బతికి బట్టకట్టిన మాబోటి వాళ్లకు ఒక సౌకర్యం మాత్రం ఉండేది. నోట్లో ఏది చెడినా నేరం బోరు నీళ్లదే. పన్నుకు గార పడితే నీళ్లు, పన్ను పుచ్చితే నీళ్లు, పోరడు వారం దినాలు బ్రష్ ముట్టకపోయినా నీళ్లే.

ఈ విషయంలో మన జిల్లాది చిన్న పేరేం కాదు. 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊళ్లో, పిల్లల పండ్లు పుచ్చకుండా నల్లా నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లెక్కన ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. మనకు ఆ పని భూదేవి ఎన్నడో చేసిపెట్టింది, కాకపోతే కొలత మరిచింది. వాళ్లు కలపడానికి యంత్రాలు పెట్టుకుంటే మనం తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ పట్టుకున్నం. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ఆ పద్ధతికి పేరు కూడా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పెట్టారు.

ఇప్పుడేమో మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లొచ్చాయి. పిల్లల పండ్లు మల్లెమొగ్గల్లా వస్తున్నాయి. అట్లా తెల్లగా వచ్చి, ఒకటో తరగతికి చేరేసరికి నల్లగా పుచ్చుతున్నాయి. నేరం మోపుదామంటే నీళ్లు లేకుండా పోయాయి. ఇంత పెద్ద నష్టానికి పరిహారం గురించి ఇంతవరకు ఒక్క నాయకుడూ మాట్లాడలేదు.

మొన్న మనుమరాలు దవడ పట్టుకొని ఏడుస్తుంటే మా అమ్మ ‘పురుగు వట్టింది, వాకుడు గింజల పొగ వెయ్యున్రి’ అన్నది. లవంగం నూనె దాకా అందరం తలో వైద్యం చెప్పి, ఏదీ కాక నల్లగొండ పోయినం. పురుగూ లేదు గిరుగూ లేదు, కంటికి కనబడని బ్యాక్టీరియా అన్నది డాక్టరమ్మ. అది చక్కెర తిని ఆమ్లం చేస్తుందట. ఆమ్లం పెరిగినకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత నోట్లో 5.5 కిందికి దిగితే పన్ను పైపొర కరగడం మొదలవుతుందట. దాన్ని మళ్లీ సర్దడానికి ఉమ్మికి అరగంటో, ఆ పైనో పడుతుంది. ఎంత తిన్నదన్నది కాదు పెద్దయ్యా, ఎన్నిసార్లు తిన్నదో చెప్పమన్నది.

నేను వేళ్లు మడిచిన. పొద్దున లేవగానే చాయ్‌లో బిస్కెట్. అది మునిగి విరిగి గ్లాసు అడుగుకు పోతే, ఆ ముద్దను చెంచాతో తీసి తినిపించేది నేనే. బడికి పోతూ దుకాణంలో రూపాయి చాక్లెట్, అది దవడకు అతుక్కొని ప్రార్థన అయ్యేదాకా కరుగుతుంది. ఇంటర్‌వెల్‌కు ఇంకోటి. నాలుగింటికి మళ్లీ చాయ్, మళ్లీ బిస్కెట్. పడుకునేముందు చక్కెర పాలు, ఆ తర్వాత బ్రష్ అంటే పిల్ల ఏడుస్తుంది కాబట్టి మానవత్వంతో వదిలేస్తం. రెండో చేతి వేళ్లకు వచ్చేసరికి డాక్టరమ్మ ఆపమన్నది. అంటే పాపం, ఆ ఉమ్మికి మా ఇంట్లో ఆదివారం కూడా సెలవు లేదు.

పేస్టు దగ్గర మా ఇంటామె అడ్డం తిరిగింది. ట్యూబు మీద ఫ్లోరైడ్ అన్న మాట చదివి, ‘ఇన్నేండ్లు దీనితోనే సచ్చినం గదయ్యా, మళ్ల పైసలు వెట్టి కొంటవా?’ అన్నది. మునుగోడు మనిషి అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు కూడా ఉంది. పన్ను లోపల తయారయ్యే వయసులో రోజూ కడుపులోకి పోయింది నీళ్ల ఫ్లోరైడ్. పేస్టులోది పన్ను మీద పనిచేసి ఉమ్మేస్తే పోయేది. మూడేండ్లలోపు బియ్యపు గింజంత, ఆరేండ్ల దాకా బఠాణీ గింజంత చాలు. టీవీలో బ్రష్ నిండా పాము లెక్క వేస్తారే, అది కంపెనీవాళ్ల కొలత. ఏడెనిమిదేండ్లు వచ్చేదాకా పెద్దలే తోమాలట, అదీ రాత్రిపూట తప్పకుండా. రాత్రిపూట సీరియళ్లు ఉంటాయన్న సంగతి ఈ వైద్యశాస్త్రానికి తెలిసినట్టు లేదు.

అయినా మా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. ‘ఊడిపోయే పండ్లకు మందులెందుకు?’ పాల పండ్లు 20, అన్నీ ఊడేవే. ఊడినదాన్ని పేడలో చుట్టి పెంకుల మీదికి విసిరితే కొత్తది వస్తుంది. ఇప్పుడు స్లాబు ఇండ్లయ్యాయి, పేడ దొరకడం లేదు, అయినా సిద్ధాంతం చెక్కుచెదరలేదు. అదే గర్వంగా చెప్పిన.

డాక్టరమ్మ అద్దం పెట్టి పిల్ల దవడ చివర చూపించింది. నల్లగా, మిరియం గింజ పట్టేంత గుంట. ‘ఇది పాల పన్ను కాదు పెద్దయ్యా. ఆరేండ్లకు వెనుకనుంచి వస్తది. ఏ పన్నూ ఊడకుండనే వస్తది గనుక మీరు చూసుకోలె. ముసలితనం దాకా ఉండాల్సిన పన్ను.’

బస్సులో అంతా ఆలోచించిన. వాడకట్టుకు చేరేసరికి విషయం తేలిపోయింది. నల్లా నీళ్లలోనే ఏదో ఉంది. సాయంత్రం అరుగు మీద కూర్చొని దరఖాస్తు రాసినం. మొదటి సంతకం నాది. రెండోది బడి ముందటి కిరాణం దుకాణమాయనది.