పూల్ దగ్గర ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఆపెయ్యాలా?

ఎండలు ముదిరేసరికి కొండాపూర్ నుంచి కొంపల్లి దాకా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. అందులో ఉన్నది ఇదీ: పూల్ దగ్గర ఘాటు వాసన వచ్చినా, పిల్లల కళ్ళు ఎర్రబడినా క్లోరిన్ ఎక్కువైనట్టే, రెండు రోజులు ఆపించండి. అడుగు టైల్స్ కనిపిస్తుంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టే, టెస్టులు దండగ. మసకబారితే పటిక చాలు. ఉప్పునీటి పూల్‌లో క్లోరినే ఉండదు. కెమికల్స్ అన్నీ ఒకే బకెట్లో కలిపి పోస్తే పని తేలిక. చివర్లో ‘పిల్లల ఆరోగ్యం కోసం అందరికీ పంపండి’ అన్న తోక ఎలాగూ ఉంది. మా సొసైటీ పూల్ చూసుకునేది నేనే కాబట్టి అందరూ దీన్ని నాకే పంపుతున్నారు.

ముందు వాసన సంగతి. సరిపడా క్లోరిన్ ఉన్న శుభ్రమైన నీళ్ళు పెద్దగా వాసన రావు. ముక్కుపుటాలు అదరగొట్టేవి క్లోరమైన్లు. చెమటలో, మూత్రంలో ఉండే నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిస్తే అవి పుడతాయి. కళ్ళు మండించేవీ అవే. అంటే వేసిన క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోయింది, క్రిములను చంపడానికి మిగల్లేదు. సరిగ్గా అప్పుడే ఆపమంటోంది మెసేజ్!

నమ్మకపోతే టెస్ట్ చేసి చూడండి. నీళ్ళు వచ్చే జెట్‌కు దూరంగా, మోచేతి లోతు నుంచి శాంపిల్ తీయండి. క్లోరిన్ కొలిచే డీపీడీ టెస్ట్ మాత్రల్లో ఒకటో నంబర్ వేస్తే లేత గులాబీ రంగు వచ్చి 0.8 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపించిందనుకుందాం. అది ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా ఖర్చవకుండా క్రిముల కోసం మిగిలింది. అదే గొట్టంలో మూడో నంబర్ మాత్ర వెయ్యగానే రంగు చిక్కబడి 2.0కి చేరింది. మధ్యలో ఉన్న ఆ 1.2 అంతా క్లోరమైన్లే. అది 0.4 దాటకూడదు, ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం ఉండాలి. దీనికి మందు మరింత క్లోరిన్: పూల్ మూసేసి, ఎండ పోయాక, క్లోరమైన్లకు సుమారు పది రెట్లు, అంటే ఇక్కడ 12 పీపీఎం పడాలి. మళ్ళీ మామూలు స్థాయికి దిగాకే జనాన్ని దిగనివ్వాలి. ఆ మోతాదులో డీపీడీ రంగు వెలిసిపోయి క్లోరిన్ లేనట్టే కనిపించవచ్చు. శాంపిల్‌ను పలచన చేసి చూడాలి.

చాలా చోట్ల వాడే, నీళ్ళు పసుపు రంగుకు తిరిగే కిట్ ఫ్రీ క్లోరిన్‌నూ క్లోరమైన్లనూ విడదీయదు. ‘పచ్చగొచ్చింది సార్, క్లోరిన్ మస్తున్నది’ అంటాడు మా పూల్ కుర్రాడు. ఉన్నమాటే, కానీ ఏ క్లోరిన్?

టైల్స్ కనిపించడం ఫిల్టర్ గొప్పతనం. క్లోరిన్ పూర్తిగా అయిపోయాక కూడా నీళ్ళు కాసేపు తళతళలాడతాయి. పీహెచ్ 7.5, ఫ్రీ క్లోరిన్ 1 పీపీఎం ఉంటే ఈ.కోలి ఒక నిమిషంలోపే చస్తుంది. విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అదే నీటిలో రోజుల తరబడి బతుకుతుంది. అందుకే విరేచనాలైన పిల్లల్ని దింపొద్దనేది. పీహెచ్ మాట మెసేజ్ ఎత్తనే లేదు. 7.5 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో దాదాపు సగం గట్టిగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8కి చేరితే నాలుగో వంతుకు మించదు. మన బోరు నీళ్ళు ఎలాంటివో గీజర్ కాయిల్‌ని అడిగితే చెబుతుంది. వేసవిలో ఆ నీళ్ళే ట్యాంకర్లతో నింపుతుంటే పీహెచ్ పైకి పాకుతుంది, టైల్స్ అంచున తెల్లటి పొర కడుతుంది. 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలంటే కొలవక తప్పదు.

ఇంకోటి, టీసీసీఏ మాత్రలు, అంటే పూల్‌లో మెల్లగా కరిగే క్లోరిన్ మాత్రలు. వాటితో 10 పీపీఎం క్లోరిన్ వేస్తే సుమారు 6 పీపీఎం సయన్యూరిక్ ఆమ్లం కూడా చేరుతుంది. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడేది అదే, 30 నుంచి 50 దాకా మంచిదే. 100 దాటితే క్లోరిన్ మందకొడిగా తయారవుతుంది. అది ఆవిరైపోదు. కొన్ని నీళ్ళు తీసేసి కొత్తవి నింపడమే దారి. ఏళ్ళ తరబడి మాత్రలే వేస్తూ దీన్ని ఒక్కసారీ కొలవని సొసైటీలున్నాయి.

పటిక మట్టిని ముద్దగట్టి అడుక్కి దించుతుంది, క్రిముల్ని చంపదు, పైగా పీహెచ్‌ను తగ్గిస్తుంది.

ఉప్పునీటి పూల్‌లో ఉండే సెల్ ఆ ఉప్పులోంచి కరెంటుతో క్లోరిన్‌నే తయారుచేస్తుంది. డబ్బా బదులు మెషీన్, అంతే తేడా. టెస్టులు అవే.

ఒకే బకెట్ సలహా మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. టీసీసీఏ, బ్లీచింగ్ పౌడర్ కలిసి కాస్త తడి తగిలితే మంటలు లేవొచ్చు, పేలొచ్చు. బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే విషవాయువు వస్తుంది. దేని బకెట్, దేని చెంచా దానికే ఉండాలి. ముందు నీళ్ళు పోసి, అందులో కెమికల్ వెయ్యాలి. మీ పంప్ రూములో టీసీసీఏ డబ్బా పక్కనే బ్లీచింగ్ బస్తా, ఆ పక్కనే యాసిడ్ క్యాన్ ఉంటే ఇవాళే వేరు చేయించండి.