చంద్రుణ్ణి కదపడానికి ఎన్ని బాంబులు కావాలి?

పాత సైన్స్ ఫిక్షన్ అభిమానులు తెగ షేర్ చేసే మాట ఒకటుంది: "స్టార్ ట్రెక్, స్పేస్ 1999 రోజుల్లో గ్రాఫిక్స్ లేకపోయినా సైన్స్ పక్కాగా ఉండేది. కథలో లొసుగులుండేవి కావు. అన్నీ ముందే ఊహించారు." ఆ సీరియల్స్ అంటే నాకూ ప్రాణమే. కానీ ఈ మాట మాత్రం నిలబడదు.

సైన్స్ పక్కానా? 1975లో మొదలైన బ్రిటిష్ సీరియల్ స్పేస్ 1999 మూలకథే చూడండి. 1999 సెప్టెంబర్ 13న చంద్రుడి అవతలి వైపు దాచిన అణు వ్యర్థాలు పేలతాయి. ఆ దెబ్బకు చంద్రుడు కక్ష్య వదిలేసి, మీదున్న స్థావరంలోని 311 మందితో సహా ఎటో వెళ్లిపోతాడు. చంద్రుడి వేగం సెకనుకు సుమారు 1 కిలోమీటరు. భూమి పట్టు విడిపించుకోవాలంటే అది 1.44 అవ్వాలి. చంద్రుడి ద్రవ్యరాశేమో 7 పక్కన 22 సున్నాలు పెడితే వచ్చే కిలోల కంటే ఎక్కువే. లెక్క కట్టి చూశాను. మనిషి పేల్చిన బాంబుల్లో అతిపెద్దది 1961 నాటి సోవియట్ జార్ బాంబా, 50 మెగాటన్నులు. అలాంటివి దాదాపు 18 వేల కోట్లు కావాలి! అదీ పిసరంత శక్తి కూడా వృథా పోకుండా ఉంటేనే. అన్నట్టు, అవతలి వైపు పేలితే తోపు మన వైపు కదా పడాల్సింది?

ఇక లొసుగులు. అతి దగ్గరి నక్షత్రానికి కాంతే వెళ్లాలన్నా నాలుగేళ్లు దాటుతుంది. ఈ చంద్రుడు మాత్రం వారానికో కొత్త లోకం చేరతాడు. "మధ్యలో బ్లాక్ సన్ (కృష్ణబిలం లాంటిది), స్పేస్ వార్ప్ (దూరాన్ని దాటించే అడ్డదారి) వచ్చాయిగా" అంటారు అభిమానులు. వచ్చాయి, కొన్ని ఎపిసోడ్లలో. సరే, అంత వేగం ఉందనే అనుకుందాం. అప్పుడు దారిలో తగిలిన గ్రహం రెప్పపాటులో వెనకబడిపోవాలి. చంద్రుడి మీదున్న వీళ్లేమో తమ ఈగిల్ నౌకలో దిగి, అక్కడివాళ్లతో గొడవపడి, తీరిగ్గా తిరిగొస్తారు. అంతసేపూ చంద్రుడు వెయిటింగ్‌లో పెట్టిన ఆటోలా బయట ఆగి ఉన్నట్టు!

ముందే ఊహించారన్నదాంట్లో స్టార్ ట్రెక్‌లో చేత్తో పట్టుకుని మాట్లాడే కమ్యూనికేటర్ వరకూ ఒప్పుకుంటాను, మడత ఫోన్ అచ్చం అలాగే వచ్చింది. మనుషుల్ని నౌకలో మాయం చేసి గ్రహం మీద తేల్చే ట్రాన్స్‌పోర్టర్ మాత్రం దూరదృష్టి కాదు, పొదుపు. ప్రతి వారం నౌక గ్రహం మీద దిగడం షూట్ చేయాలంటే బడ్జెట్ సరిపోక అది పుట్టింది.

కాంతి వేగం అడ్డని తెలిసి, దాన్ని మించి పోయేలా వార్ప్ అనే ఊహా ఇంజిన్ పెట్టుకున్నందుకు స్టార్ ట్రెక్‌ను మెచ్చుకోవాల్సిందే. లెక్కల్లో మాత్రం అదీ దొరికిపోయింది. 1967 నాటి 'కోర్ట్ మార్షల్' ఎపిసోడ్‌లో, బూస్టర్ పెట్టి కంప్యూటర్ వినికిడి శక్తిని ఒకటికి నాలుగో ఘాతం మేర పెంచవచ్చని నౌక కెప్టెన్ కిర్క్ గంభీరంగా చెబుతాడు. ఒకటిని ఒకటితోనే ఎన్నిసార్లు గుణించినా ఒకటే. అతని తోటి అధికారి, లెక్కల పులి స్పాక్ అక్కడే ఉండి కూడా కిక్కురుమనడు.