వీల్ లేకున్నా బ్రేకింగ్ వస్తది
స్టీరింగ్ వీల్, పెడల్స్ లేనోళ్లకు గ్రాన్ టురిస్మో 7 అనే కార్ల రేసింగ్ వీడియో గేమ్ అసలు మజా తెల్వదని మీ వ్యాసంల రాసిన్రు. ఈ మాట నేనొప్పుకోను. మహబూబ్‌నగర్‌ల మా ఇంట్ల నేను, మా తమ్ముడు పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్)తోని వచ్చిన మామూలు కంట్రోలర్‌తోనే ఆడుతం. వీల్ బిగించనీకి జాగా లేదు, అన్ని పైసలూ పెట్టలేం. బ్రేకు కోసం కంట్రోలర్ వెనక ఎడమ దిక్కున్న ఎల్2 బటన్ నొక్కుతుంటే అది గట్టిపడతది, ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకపోకుండ చూసేది) పనిచేసినప్పుడు వేలు కింద టకటక కొట్టుకుంటది. అది మొదలైతున్నదనంగనే వేలు జరంత సడలిస్తే బండి ముక్కు మలుపులకు మంచిగ తిరుగుతది. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు పట్టు తప్పి ఊకె తిరగకుండ ఆపే సాయం) తీసేసి, 20 కిలోమీటర్లు దాటే జర్మనీ రేస్ ట్రాక్ నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ మీద ఎక్కడా తగలకుండ ఒక్క ల్యాపు తిప్పుండ్రి, ఎంత నేర్పు కావాల్నో తెలుస్తది. చిన్న స్టిక్‌తోని స్టీరింగ్ సన్నగ సవరించుడు కష్టమే, అక్కడ వీల్‌దే పైచేయి, కాదనను. కానీ బ్రేకు కొట్టంగనే బరువు ముందు టైర్ల మీదికి ఎట్లొస్తది, యాక్సిలరేటర్ ఎప్పుడియ్యాలె అనేది కంట్రోలర్‌తోని కూడా పక్కాగ నేర్చుకోవచ్చు. ఈసారి మా అసొంటోళ్లకు పనికొచ్చే కంట్రోలర్ సెట్టింగుల మీద రాయుండ్రి.