ముప్పై రెండు టెస్లాల సందేహం

మా గోదావరి జిల్లాల్లోని ఒక విశ్వవిద్యాలయంలో గత నెల జరిగిన అనువర్తిత గణిత పరిశోధన సెమినార్‌కు వెళ్లి వచ్చినప్పటి నుంచి ఈ నాలుగు మాటలు రాయాలనుకుంటున్నాను. ఆనాటి అంశం, అయస్కాంత క్షేత్రంలో సాగుతున్న పలక మీద నానోకణాలు (కంటికి కనిపించని అతి సూక్ష్మ కణాలు) కలిపిన నీటి ప్రవాహం. ఈ 'స్ట్రెచింగ్ షీట్' సమస్యకు 1970లో క్రేన్ కచ్చితమైన సాధన ఇచ్చారు. ప్లాస్టిక్ పలకలు తీసే పరిశ్రమలో దానికి నిజమైన అవసరం ఉంది. ఆ తర్వాత ఉష్ణ వికిరణం, రసాయన చర్య, నానోకణాలు ఒక్కొక్కటే తగిలిస్తూ, సమీకరణాలను షూటింగ్, నాలుగో క్రమపు రుంగే-కుట్టా అనే సంఖ్యాత్మక పద్ధతులతో సాధించి, 'అయస్కాంత పరామితి (ప్రవాహం మీద అయస్కాంత క్షేత్రం పట్టు ఎంతో చెప్పే సంఖ్య) పెరిగితే వేగం తగ్గును' అని గ్రాఫు చూపడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది.

వెనక బెంచీలోంచి ఎమ్మెస్సీ చదువుతున్న గోదావరి నడుమనున్న ఒక లంక గ్రామపు అమ్మాయి లేచి, "సార్, ఆ పరామితి 5 అంటే ఎంత అయస్కాంతం పెట్టాలండి?" అని అడిగింది. వక్త తెర వైపు చూశారు. అధ్యక్షులవారు, "అవన్నీ తర్వాత చూద్దాంలే అమ్మా, టీ వచ్చేసింది" అన్నారు. నిజంగానే వచ్చింది, సమోసాలతో సహా. నేనూ నోరు మెదపలేదు.

ఆ రాత్రి లెక్క వేశాను. విద్యుద్వాహకతను క్షేత్రం వర్గంతో గుణించి, సాంద్రతతోను సాగే రేటుతోను భాగిస్తే వచ్చేదే ఆ పరామితి. మంచినీటి కంటే ఎన్నో రెట్లు మెరుగైన వాహకమని సముద్రపు నీటినే తీసుకుని, వాహకత మీటరుకు 5 సీమెన్స్, సాగే రేటు సెకనుకు 1 అనుకున్నా, పరామితి 5 కావడానికి కావలసిన క్షేత్రం దాదాపు 32 టెస్లాలు (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం). ఆసుపత్రిలో ఎంఆర్ఐ యంత్రానికి సాధారణంగా ఉండేది 1.5 లేదా 3. అదే పాదరసమైతే పావు టెస్లా చాలు! అంటే ఆ పిల్ల అడిగింది ఆ పత్రం మొత్తంలో అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న.

మరి మా ముంగిట్లో ఉన్న గోదావరి వరద లెక్క మాటేమిటి? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎగువన బ్యారేజీ వదిలే నీరు, దిగువన అంతర్వేది దగ్గర సముద్రపు పోటుపాట్లు సరిహద్దు షరతులుగా (రెండు కొసల్లో ముందే తెలిసిన విలువలుగా) తీసుకుని, నదుల్లో, కాలువల్లో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే 1871 నాటి సెయింట్ వెనాంట్ సమీకరణాలతో ఏ లంకకు నీరు ఎన్ని గంటలకు చేరుతుందో చర్చించిన సెమినార్ ఒక్కటైనా నేను వినలేదు. ఏటిగట్టు ఎక్కడ పల్లమో, నీరు ముందు ఏ కోడులోంచి (చిన్న పాయలోంచి) ఊళ్లోకి వస్తుందో ఆ అమ్మాయికి తెలిసే ఉంటుంది, ఆమెను కూర్చోబెట్టేశాం.

స్ట్రెచింగ్ షీట్ మానేయమని నేను అనడం లేదు. పరామితి పక్కన ఏ ద్రవానికి, ఎన్ని టెస్లాలకు అన్నది ఒక్క వరుస రాయమంటున్నాను, ప్రశ్నలయ్యాకే టీ ఇమ్మంటున్నాను. వచ్చే సెమినార్ ఆహ్వానం నిన్ననే అందింది, ప్రశ్నలకు ఐదు నిమిషాలట. లెక్క వేసిన కాగితం జేబులో పెట్టుకుని వెళ్తున్నాను, ఈసారి వెనక బెంచీలోనే కూర్చుంటాను.