అలలు జాలరివి, లీజు ఎవరికి?

చెన్నై వెళ్లే మనవాళ్లు ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కితే మహాబలిపురం దాకా ఆగరు. దారిలో, నగరానికి దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలో కోవళం అనే ఊరుంది. కేరళ కోవళంతో కలిపేసుకోవద్దు, ఇది చెంగల్పట్టు జిల్లాలోని జాలరి పల్లె. ఓ దర్గా, ఓ పాత చర్చి, ఇసుక మీదికి లాగిన పడవలు, వాటి పక్కన వరసగా నిలబెట్టిన సర్ఫ్ బోర్డులు, అంటే అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ ఆటకు వాడే పలకలు. శనాదివారాల్లో అలల మీద తడబడుతున్నవాళ్లలో తెలుగు బాగానే వినిపిస్తుంది. ఐటీ కుర్రాళ్లు ఎలాగూ వెళ్తున్నారు. వెళ్లాల్సింది మన పర్యాటక శాఖ అధికారులు. అక్కడ నీళ్లలో నిలబడి పాఠం చెబుతున్నది ఎవరో వాళ్లు చూసి రావాలి. మన బీచ్‌లలో వాటర్ స్పోర్ట్స్ లీజు ముందు ఆ ఊరి జాలర్లకే దక్కాలన్నది నా వాదన.

చెబుతున్నవాళ్లు ఆ ఊరి జాలరి ఇళ్ల పిల్లలు. మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు, బోర్డు కొనే స్తోమత లేని రోజుల్లోనే ఈ విద్య సొంతంగా పట్టుకున్నాడు. 2012లో వ్యాపారవేత్త అరుణ్ వాసు, ఇజ్రాయెల్‌కు చెందిన సౌండ్ ఇంజినీర్ యోటం అగం తోడవడంతో కోవ్‌లాంగ్ (కోవళానికి ఇంగ్లిష్‌లో పాత పేరు) పాయింట్ సర్ఫ్ స్కూల్ పుట్టింది. డబ్బు బయటినుంచి వచ్చింది, ఒప్పుకుందాం. కానీ నీళ్ల మీద పెత్తనం ఊరిదే. ఆ తర్వాత జరిగింది పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. జాతీయ పోటీల ఫలితాల్లో తమిళ కుర్రాళ్ల పేర్లే ఎక్కువ, వాటిలో చాలా భాగం కోవళం, మహాబలిపురం తీరాలవి. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్ మహాబలిపురానికే వచ్చింది. 2026 ఆసియా క్రీడల్లో సర్ఫింగ్‌కు తొలిసారి చోటు దక్కింది. వెయ్యి కిలోమీటర్ల తీరం మాదని చెప్పుకునే ఆంధ్రప్రదేశ్ ఈ కథలో ఎక్కడుందో వెతకండి, దొరకదు.

ఎందుకు దొరకదో ఆ పాఠాన్ని కాసేపు దగ్గర నుంచి చూస్తే అర్థమవుతుంది. మొదట ఇసుకలో బోర్డు ఆకారం వేలితో గీస్తారు. దానిమీద బోర్లా పడుకోబెట్టి, చేతులతో వెనక్కి తోయమంటారు, కేక వేయగానే ఒక్క ఊపున లేచి నిలబడమంటారు. నాలుగుసార్లు ఇసుక తిన్నాక నీళ్లలోకి దింపుతారు. నేర్పే కుర్రాడు నడుం లోతులో నిలబడి మన మొహం చూడడు, మన వెనక సముద్రాన్ని చూస్తాడు. ఒక అల వస్తుంది, వదిలేస్తాడు. ఇంకొకటి వస్తుంది, అదీ వదిలేస్తాడు. మన కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. తర్వాతిదానికి బోర్డు వెనక పట్టుకుని తోస్తాడు, అంతే, జీవితంలో మొదటిసారి నీళ్ల మీద నిలబడతాం. ఏ అల నిలబెడుతుందో, ఏది ముంచుతుందో ఆ కుర్రాడికి ఏ కోర్సూ చెప్పలేదు. నాన్నతో వేటకెళ్లేటప్పుడు పడవను ఏ అల వెనక తోయాలో చూసి చూసి వచ్చిన కన్ను అది.

ఈ కన్ను ప్రాణాలు కాపాడే కన్ను కూడా. ఒడ్డున విరిగిన నీరంతా మళ్లీ సముద్రంలోకి పోవాలి కదా, అందుకు ఇసుక తిన్నెల మధ్య ఓ సందు వెతుక్కుంటుంది. ఆ సందులో అల సరిగా విరగదు, నురగ తక్కువ, నీరు కాస్త ముదురు రంగులో నున్నగా కనిపిస్తుంది. మైదానం నుంచి వచ్చినవాడు ‘ఇక్కడ అలల్లేవు, సేఫ్’ అనుకుని సరిగ్గా అక్కడే దిగుతాడు. లాగేశాక ఒడ్డు వైపే ఎదురీది అలసిపోతాడు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే బతికే అవకాశం ఉందని అతనికి చెప్పినవాళ్లు లేరు. చీరాల రామాపురం, బాపట్ల సూర్యలంక పేర్లు మన వార్తల్లోకి ఏ సందర్భంలో వస్తాయో గుర్తు చేసుకోండి. నలుగురు విద్యార్థులు పోతే బీచ్ మూసేస్తాం, కొన్నాళ్లకు తెరుస్తాం. ఎర్ర జెండా పాతుతాం. ఆ సందు ఈరోజు ఎక్కడుందో ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషిని అడిగితే చెబుతాడు, అడిగేవాళ్లే లేరు.

ఒడిశా వాళ్లు ఎప్పుడో అడిగారు. పూరీ బీచ్‌లో తెల్లటి మొనదేలిన టోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్ర స్నానం చేయించే నూలియాలు మన తెలుగు జాలర్లే. అక్కడి పెంఠకట అంతా తెలుగు మాట్లాడే గంగపుత్రుల బస్తీ. పక్క రాష్ట్రం వాడికి మనవాడి ఈత మీద నమ్మకం, మనకు టెండరు కాగితం మీద నమ్మకం. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిందని పండగ చేసుకున్నాం. నిర్వహణ సరిగా లేక 2025 మొదట్లో ఆ జెండా దించి, మళ్లీ ఎగరేయాల్సి వచ్చింది. జెండా ఉందా లేదా అని రాజకీయ పార్టీలు తిట్టుకున్నంత సేపు, ఆ బీచ్ ఆదాయంలో జాలరిపేట వాటా ఎంత అని ఎవరూ నోరు విప్పలేదు.

ఎదుటివాళ్ల వాదన నాకు తెలుసు. జాలర్లకు లైసెన్సులుండవు, బీమా ఉండదు, జెట్ స్కీ కొనే పెట్టుబడి ఉండదు, పర్యాటకులతో ఇంగ్లిష్‌లో మాట్లాడలేరు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అంటారు. భద్రత ప్రశ్న సరైనదే. దానికి జవాబు కూడా ఉంది. గోవాలో కేంద్ర ప్రభుత్వ జాతీయ వాటర్ స్పోర్ట్స్ సంస్థ లైఫ్‌గార్డులకు, పడవ నడిపేవాళ్లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తుంది. సర్ఫింగ్ బోధకులకు అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం కోర్సులున్నాయి. కొన్ని వారాల్లో నేర్పగలిగినదాన్ని అర్హతగా చూపించి, ఒక జీవితకాలం పట్టేదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే నా అభ్యంతరం. ఇంగ్లిష్ మాటకొస్తే, కోవళం కుర్రాళ్లు ఏ కాన్వెంట్లో చదివారట?

అసలు మజా కాలెండర్‌లో ఉంది. తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. బడి సెలవులూ అప్పుడే, బీచ్‌ల మీద జనం విరగబడేదీ అప్పుడే. నైరుతి గాలులు పుంజుకుని కోవళంలో అలలు కుదురుకునే కాలమూ ఇంచుమించు అక్కడే మొదలవుతుంది. ఆ రెండు నెలలూ మన మత్స్యకారుడు పడవ కట్టేసి ప్రభుత్వం ఇచ్చే 20 వేల రూపాయల భృతి కోసం ఎదురు చూస్తాడు. చేతిలో పనిలేని, సముద్రం తెలిసిన వేలమంది ఒకవైపు. సముద్రం తెలియక మునిగిపోయే జనం అదే ఇసుక మీద ఇంకోవైపు. ఈ రెంటినీ కలపాలన్న ఆలోచన ఒక్క ఫైలులోనూ కదలకపోవడం నాకు ఎంతకీ మింగుడు పడదు. భృతి ఆపమని కాదు, దానిమీద సంపాదన కలవనివ్వమని.

ఇది ఒక్క పర్యాటక శాఖ జబ్బు కాదు. సముద్రం పక్కనున్న స్థలం అని తప్ప తీరాన్ని చూసే చూపే ప్రభుత్వాలకు పోయింది. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో నిర్మాణాలు నిషిద్ధమైన మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. ఇళ్లు కట్టుకోవడానికి జాలర్లకూ పనికొస్తుందన్నారు. రిసార్టులు ఎక్కువ కట్టేదెవరో చెప్పాలా? 2024లో రాష్ట్రం టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. సంతోషం. పరిశ్రమ అన్నాక పెట్టుబడిదారుకు రాయితీ గురించి పేజీలు నిండుతాయి, పల్లెవాడు మాత్రం సంక్షేమ పథకం లబ్ధిదారుగానే మిగిలిపోతాడు. ఆ పల్లెవాడు శ్రీకాకుళం నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస పోయి, ఎవరి పడవలోనో వేటాడుతూ, 2018లో పాకిస్తాన్‌కు చిక్కి కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపాడు. సొంతూళ్ల ముందు బారువ, కళింగపట్నం లాంటి తీరాలున్నాయి. ప్రభుత్వాలకు అక్కడ బీచ్ ఫెస్టివల్ చేయడం తెలుసు.

కాబట్టి అడిగేది చిన్నదే. ఇకపై ఏ బీచ్‌లో వాటర్ స్పోర్ట్స్ లీజు ఇచ్చినా, మొదటి హక్కు ఆ ఊరి మత్స్యకార సహకార సంఘానికి ఇవ్వాలి. సంఘం కాదంటేనే బయటివాళ్లకు పిలుపు వెళ్లాలి. వచ్చిన బయటివాళ్లు కూడా లైఫ్‌గార్డులను, బోధకులను ఆ పల్లె నుంచే తీసుకుని, శిక్షణ ఖర్చు భరించాలి. టెండరు పత్రంలో మూడు వాక్యాలకు మించదు. వచ్చే ఏప్రిల్ 15 లోపు ఒక్క రుషికొండలో పెట్టి చూడమనండి.