సిలికాన్ ట్యూబు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సిలికాన్ ట్యూబు గారికి,

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ స్పేర్‌పార్ట్స్ దుకాణానికి పోయినా కౌంటర్ మీద దర్శనమిచ్చేది తమరే. లీకేజీ అన్న మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే "ఇది పట్టించన్నా, మళ్లీ చూడక్కర్లేదు" అని తమర్ని చేతిలో పెడతారు. బాత్రూమ్ సింకులు తమర్నే నమ్ముకుని బతుకుతున్నాయి, కాదనం. ఇంట్లో కట్టుకున్న విమానానికి బిగించే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజన్ దగ్గరికీ అదే ధీమాతో వచ్చేస్తున్నారు, మా గొడవంతా అక్కడే.

ఆ 1600 సీసీ ఇంజన్ కేసు, అంటే పై కవచం, మెగ్నీషియం మిశ్రమం, నిలువునా రెండు ముక్కలు. పిస్టన్లు తిప్పే క్రాంకు, వాల్వులు తెరిచే క్యామ్ ఆ ముక్కల మధ్యే కూర్చుంటాయి. అతుకులో పేపర్ ప్యాకింగ్ కూడా ఉండదు. ముక్కకు ముక్క ఆనితేనే బేరింగు కూర్చునే రంధ్రం, అదే బోరు, గుండ్రంగా వస్తుంది మరి. తమరు మధ్యలో దళసరిగా పరుచుకుంటే బోరు అండాకారమై, బేరింగుల మీద కేసు పట్టు సడలుతుంది. క్రాంకు ముందూవెనకా ఆటను 0.07 నుంచి 0.13 మి.మీ.లోపు పెట్టడానికి మూడు షిమ్‌లు (పల్చటి వాషర్లు) మార్చి మార్చి కొలిచే చోట, తమర్ని వేలితో పూయడమా!

అసలు ఆ అతుకులో లీకేజీ ఎందుకొస్తుంది? చాలాసార్లు పాత మడ్డిని స్క్రూడ్రైవరుతో గోకడం వల్ల. మెగ్నీషియం మెత్తన, గీత పడితే పోదు. గోకినవాళ్లే ఆ గీతను కప్పడానికి తమర్ని పిలుస్తారు. థిన్నరుతో నానబెట్టి తుడిచి, బ్రష్‌తో పూసే గట్టిపడని పల్చటి సీలెంట్‌ను బయటి అంచుకే రాసి, బేరింగు సీట్లను వదిలేస్తే సరిపోతుంది. తర్వాత ముక్కల్ని కలిపి పట్టే 12 మి.మీ. స్టడ్‌లకు, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో, సుమారు 34 న్యూటన్‌మీటర్లు, 8 మి.మీ.వాటికి 19. ప్రతి విడతకీ క్రాంకును చేత్తో తిప్పాలి. పట్టేసిందా, విప్పాల్సిందే.

లోపలికి పిండుకుని వచ్చిన తమరి సంతానం సంగతి వేరే. వేడి ఆయిల్లో ఊడి సంపులోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోటు) జల్లెడకు అడ్డంపడితే ఆయిల్ పంపుకి ఆయిల్ అందదు. బేరింగు సీట్ల దగ్గరి ఆయిల్ రంధ్రాల్లోకి దూరితే జల్లెడ దాకా పోయే శ్రమ కూడా ఉండదు. పంపు మూత కింద కూర్చున్నా అంతే. గేర్లకీ మూతకీ మధ్య సందు 0.1 మి.మీ. దాటితే ప్రెషర్ పడిపోతుంది. కారైతే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇండికేటర్ వేసి పక్కకి ఆపుకోవచ్చు. 2,000 అడుగుల ఎత్తున అలాంటి లేన్ ఎవరూ వేయలేదు.

పెట్రోలు పైపుల దగ్గరికైతే అసలు రావద్దు. పెట్రోల్లో తమరు ఉబ్బి, మెత్తబడి, ముక్కలై కార్బురేటర్ జెట్ అనే సన్నని రంధ్రంలోకి పోతారు. వెనిగర్ వాసన కొట్టే తమరి తమ్ముణ్ణి ఇంజన్ ఉన్న గదిలోకే రానివ్వం. ఆరేటప్పుడు వాడు వదిలే ఆమ్లం లోహాన్ని తింటుంది.

నిరాశ పడకండి, ఖాళీ ఒకటుంది. సిలిండర్ల చుట్టూ గాలిని మళ్లించే రేకుల సందులు మూయాలి. అక్కడ లీకైన గాలి సిలిండర్లను చల్లబరిచే ఫిన్‌లను (రెక్కలను) తాకకుండానే పోయి, సిలిండర్ హెడ్డు కాలిపోతుంది. వేడికి తట్టుకునే, వెనిగర్ వాసన లేని ఎర్ర రకమైతే చాలు. గాలిలో తేమతో ఆరే శరీరం కదా, గాలి పొడిగా ఉంటే ఇంకొంచెం ఆలస్యమవుతుంది. పూర్తిగా ఒక రోజు ఆరనిస్తాం. ఈలోపే ఇంజన్ స్టార్ట్ చేద్దామని తొందరపడేవాళ్లతో తమరే మాట్లాడుకోవాలి.

ఇట్లు,
టార్క్ రెంచ్ పట్టుకున్నవాళ్లు