తల మాది, సంచి మీది

తెలివైన పిల్లవాడు పుస్తకాల సంచి సర్దుకోలేకపోవడం ఇంకా నేరాల జాబితాలోకి ఎందుకు ఎక్కలేదో నాకు అంతుబట్టడం లేదు. మార్కులు రానివాడు మరచిపోతే పోనీ పాపం అనుకోవచ్చు. పందొమ్మిదో ఎక్కం వెనక నుంచి అప్పజెప్పేవాడు లెక్కల నోటుబుక్కు ఇంట్లో వదిలి వచ్చాడంటే అది కుట్ర కాక మరేమిటి? మన బడులు ఈ కుట్రను ఏనాడో కనిపెట్టాయి. డైరీలో ఎర్ర సిరాతో, ‘చాలా తెలివైనవాడు, కావాలనే చేస్తున్నాడు’ అని రాసి పంపుతాయి. ఆ మరపు వెనక కంటికి కనబడని వైకల్యం ఏదైనా ఉందా అన్నది నిపుణులు గంటల తరబడి కూర్చోబెట్టి పరీక్షిస్తే తప్ప తేలని సంగతి. మన బడిలో అది కిక్కిరిసిన తరగతిలో బెల్లు కొట్టే లోపు తేలిపోతుంది.

నాకు తెలిసిన ఏడో తరగతి కుర్రాడి ఘనకార్యం వినండి. సోషల్ సారు ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లని బోర్డు మీద రాశారు. వీడు లేచి, “పాతది రాశారు సార్, 2020లో నేపాల్, చైనా కలిసి 8,848.86 అని ప్రకటించాయి” అన్నాడు. ఆ 86 సెంటీమీటర్లకు గాను పీరియడంతా వరండాలో నిలబడ్డాడు. తాను చేసిన తప్పేమిటో వాడికి సాయంత్రం దాకా తెలియలేదు, ఎవరూ చెప్పనూ లేదు. మధ్యాహ్నం అందరూ గుంపులు గుంపులుగా కూర్చుని కూరలు పంచుకుంటుంటే, వాడు మెట్ల కింద ఒంటరిగా తిని వస్తాడు. పొగరని తేల్చారు. రోజూ ఒక గుంపు దగ్గరికి వెళ్లి, ఏమని మొదలుపెట్టాలో తోచక వెనక్కి వస్తాడన్నది డైరీకి ఎక్కవలసినంత ముఖ్యమైన విషయం కాదు.

వాడి తల్లి గొంతెమ్మ కోరికలతో బడికి వెళ్లింది. బెల్లు కొట్టాక అరిచి చెప్పే హోంవర్కును బోర్డు మీద రాయాలట. సంచిలో ఏమేం పెట్టుకోవాలో రాసిన కాగితం ఒకటి బల్లకు అతికించాలట. టైంటేబులు మారితే ముందురోజే చెప్పాలట. ప్రాజెక్టుకు ‘మీరే జట్లు కట్టుకోండి’ అనకుండా టీచరే జట్టు వేయాలట. కరస్పాండెంటు గారు ఓపిగ్గా విని, “ఒక్కడికి చేస్తే రేపు అందరూ అడుగుతారమ్మా” అన్నారు. ఆయన ముందుచూపుకు దండం పెట్టాలి. పిల్లలందరూ సంచి సర్దుకోవడం నేర్చేసుకుంటే ఆ ఎర్ర సిరా ఏం కావాలి?

చట్టం లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో నలుగురితో మాట కలపడం కష్టమయ్యే ఆటిజం ఉంది, చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా, చేతుల కదలికల పొందిక కుదరని డిస్‌ప్రాక్సియా వంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ధ్యాస నిలవక వస్తువులూ పనులూ మరచిపోయే ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. సోమరితనం, పొగరు కూడా లేవు గాని వాటిని బడులు సొంత ఖర్చుతో చేర్చుకున్నాయి. ఇలాంటి పిల్లలను గుర్తించడానికి ఐదేళ్లకోసారి సర్వే చేయాలని 17వ సెక్షను చెబుతోంది. ఐదేళ్లెందుకు? మన బడులు రోజూ ప్రార్థన వరుసలోనే టై, బెల్టు, బూట్లు, గోళ్లు సర్వే చేస్తున్నాయి కదా. పిల్లలను కొట్టరాదని, మానసికంగా వేధించరాదని చెప్పే విద్యాహక్కు చట్టంలోనూ అది 17వ సెక్షనే కావడం విచిత్రం. బడికి మాత్రం 17 అంటే ఎక్కమే.

సీబీఎస్‌ఈ పరీక్షల్లో వైకల్య ధ్రువపత్రం ఉన్న పిల్లలకు గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, అంటే మూడు గంటల పేపరుకు నాలుగు గంటలు. ధ్రువపత్రం కావాలంటే ముందు ఇంట్లో ఒప్పుకోవాలి. తాతగారు ఒప్పుకోలేదు. “వాడి నాన్నా చిన్నప్పుడు ఇంతే, ఇప్పుడు ఇంజనీరు కాలేదా?” అన్నారు. అయ్యాడు. ఆ ఇంజనీరు గారు రోజూ పొద్దున బండి తాళాల కోసం ఇల్లంతా గాలిస్తారు. వెతికి చేతిలో పెట్టేది కోడలు.

ఇంతలో కుర్రాడికి ఒలింపియాడ్‌లో ర్యాంకు వచ్చింది. మెట్ల కింద కనిపించని ముఖం వారం తిరక్కుండా చౌరస్తాలో పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద, కరస్పాండెంటు గారి ఫొటో పక్కన వెలిసింది. ‘మా శిక్షణ, మా క్రమశిక్షణ’ అని కింద రాయించారు. ఇందులో వంచన ఏమీ లేదు. పిల్లవాడి తల బడిది, సంచి తల్లిదండ్రులది. ఈ పంపకాన్ని అడ్మిషన్ ఫారంలోనే రెండు గళ్లలో అచ్చు వేయిస్తే ఎవరికీ పేచీ ఉండదని నా సవినయ మనవి.

ఒక్క సైన్సు టీచరు మాత్రం ఈ క్రమశిక్షణకు తూట్లు పొడుస్తోంది. ఎవరినీ అడగకుండా బోర్డు ఎడమ మూలన హోంవర్కు రాస్తోంది. ప్రాజెక్టుకు వీడిని, బొమ్మలు బాగా వేసే ఇంకో మాటకారి పిల్లను ఒకే జట్టులో వేసింది. ఇద్దరూ కలిసి గుండె నమూనా చేసి సమయానికి తెచ్చి ఇచ్చారు. యాజమాన్యం వెంటనే స్పందించి ఆమెకు మెమో ఇచ్చింది: బోర్డు మీద హోంవర్కు రాయడం వల్ల పీరియడుకు రెండు నిమిషాల సిలబస్ నష్టం, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.